సరిగా వేయని అక్రిలిక్ గోళ్లను తీసే విధానం: మేనకోడలికి లేఖ

 

గోళ్ల అలంకరణను జీవనోపాధిగా ఎంచుకుని సొంతంగా పార్లర్ తెరిచే అమ్మాయి దగ్గరకు అందరూ కొత్త గోళ్లు కోరి రారు. మరెక్కడో వేయించుకున్న అక్రిలిక్ గోళ్లు అంచుల్లో లేచి, నొప్పి పుట్టి, వాటిని ఎలాగైనా వదిలించుకోవాలని వచ్చేవారూ ఉంటారు. అతికించే పనిని శిక్షణలో శ్రద్ధగా నేర్పుతారు కాని, మరొకరు సరిగా వేయని గోళ్లను హాని లేకుండా తీసే పనికి అక్కడ దొరికే సమయం తక్కువ. అందుకే ఈ లేఖ. పని ముగిసేసరికి ఆ వచ్చినామె సొంత గోరు మొదట ఎంత మందంగా ఉందో అంత మందంగానే మిగలాలి. అందుకోసం అక్రిలిక్‌లో కొంత భాగం గోటి మీదే ఉండిపోవలసి వచ్చినా ఉండనివ్వాలి. ఇందులో చెప్పే ప్రతి విషయం ఈ ఒక్క నియమం నుంచే పుడుతుంది.

కంటికి కనిపించే గట్టి భాగాన్ని గోటి పలక అంటారు. కెరటిన్ అనే మాంసకృత్తుతో నిండిన నిర్జీవ కణాలు పొరలుగా అదుముకుని ఏర్పడిన ఈ పలక చేతివేళ్లలో సుమారు అర మిల్లీమీటరు మందం మాత్రమే ఉంటుంది. దాని కింద రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని చర్మాన్ని గోటి పడక అనీ, గోటి మొదట్లో చర్మం చాటున ఉండి కొత్త కణాలను పుట్టించే భాగాన్ని గోటి మూలం అనీ అంటారు. పలక నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఒక చేతి గోరు పూర్తిగా కొత్తది కావడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. పలక నుంచి ఒక పొర ఊడివస్తే దాన్ని ఏ నూనె కాని, ఏ లేపనం కాని తిరిగి కలపలేవు. కొత్త గోరు ముందుకు జరిగి వచ్చేదాకా ఆగవలసిందే. గోళ్లు ఊపిరి పీల్చుకోవాలని చాలామంది నమ్మకంగా అంటారు కాని, పలక గాలిని పీల్చదు. మూలానికి కావలసిన ప్రాణవాయువు, పోషకాలు రక్తం ద్వారానే అందుతాయి. విరామం అవసరమయ్యేది పలక పలచబడినప్పుడూ, చర్మం దెబ్బతిన్నప్పుడూ.

ఆ పలక మీద ఉన్నదేమిటో తెలియకుండా దాన్ని తీయడానికి పూనుకోకూడదు. అక్రిలిక్ గోరు ఒక ద్రవమూ ఒక పొడీ కలిసి గట్టిపడడం వల్ల ఏర్పడుతుంది. విడివిడి చిన్న అణువులతో ఉన్న ద్రవాన్ని మోనోమర్ అనీ, అటువంటి అణువులు ముందే గొలుసులుగా కూడి తయారైన పొడిని పాలిమర్ అనీ అంటారు. పొడిలో కొద్దిగా కలిపి ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ ద్రవంలోని అణువులను కూడా గొలుసులు కట్టిస్తుంది. 1954లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు విరిగిన తన గోటిని పళ్ల పనికి వాడే అక్రిలిక్‌తో సరిచేసుకోవడం ఈ పద్ధతికి ఆరంభంగా చెబుతారు. నేడు నాణ్యమైన ద్రవాల్లో ఉండేది ఇథైల్ మెథాక్రిలేట్. దానికి దగ్గర చుట్టమైన మిథైల్ మెథాక్రిలేట్‌ను, అంటే వృత్తిలోని వారు ఎంఎంఏ అని పిలిచేదాన్ని, కొన్ని చవక ద్రవాల్లో వాడతారు. 1970ల తొలినాళ్లలోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, ఎంఎంఏ గోళ్ల వల్ల గాయాలు, అలర్జీలు కలిగాయన్న ఫిర్యాదుల మీద కోర్టుకు వెళ్లి ఆ సరుకుపై చర్య తీసుకుంది. ఎంఎంఏ గోరు మితిమీరి గట్టిగా ఉండి, ఎక్కడైనా తగిలినప్పుడు తాను విరగకుండా కింది సొంత గోటిని చీల్చుకుని వస్తుంది. పైగా అసిటోన్‌లో సులభంగా మెత్తబడదు. ఘాటైన వింత వాసన, ఆకురాయికి లొంగని గట్టిదనం, మరీ తక్కువ ధర కలిసి కనిపిస్తే దాన్ని అనుమానించాలి.

పరికరం చేతిలోకి తీసుకునే ముందు వచ్చినామెను కూర్చోబెట్టి, ఇద్దరి చేతులూ కడిగించి, పది వేళ్లనూ మంచి వెలుతురులో ఒక్కొక్కటిగా చూడాలి. గోళ్లు ఎప్పుడు వేశారు, వేసేటప్పుడు మంట పుట్టిందా, గోటిని అరగదీసే మెషిన్ ఆడించినప్పుడు నొప్పి కలిగిందా, తరువాత వేళ్ల చివర గాని కనురెప్పల మీద గాని దురద వచ్చిందా, మధుమేహం ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అన్న ప్రశ్నలు అడిగి జవాబులు కార్డు మీద రాసుకోవాలి. కనురెప్పల ప్రశ్న వింతగా తోచవచ్చు కాని, మెథాక్రిలేట్ల అలర్జీ వేళ్ల చుట్టూనే కాక, చేతులు తరచుగా తాకే ముఖం మీద కూడా బయటపడుతుంది. ఈ అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం నిలిచిపోతుంది. పళ్ల పూరకాల్లోనూ, కీలు మార్పిడిలో వాడే ఎముకల సిమెంటులోనూ ఇదే కుటుంబపు రసాయనాలు ఉంటాయి కాబట్టి అటువంటి లక్షణాలు చెప్పినామెను చర్మవైద్యుల దగ్గరకు పంపడం ఆమె రేపటి వైద్యానికి కూడా మేలు చేస్తుంది.

తెలుగు ఇళ్ల నుంచి వచ్చే ఆడవారి విషయంలో చూపుకు సంబంధించిన జాగ్రత్త ఒకటి ఉంది. ఆషాఢంలో గాని పెళ్లిలో గాని పెట్టుకున్న గోరింటాకు రంగు చర్మం మీద కొద్ది రోజుల్లో పోయినా గోటి పలక మీద నెలల తరబడి నిలిచి, గోరు పెరిగి కత్తిరింపులో పోయేదాకా వదలదు. ఆ ఎరుపు కింది గోటి అసలు రంగును మరుగుపరుస్తుంది. దాని చాటున దాగిన కమిలిన మచ్చను గోరింటాకే అనుకునే ప్రమాదమూ, గోరింటాకునే రక్తపు మరకగా భ్రమించే ప్రమాదమూ సమానంగా ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నారో అడిగి, ఆ రంగు ముగిసే గీత గోటి మీద ఎక్కడ ఉందో చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది. చేత్తో అన్నం కలుపుకుని తినే అలవాటు వల్ల, లేచిన అంచుల కింద తడి, పులుసు, పసుపు చేరడం కూడా ఇక్కడ ఎక్కువ. అక్రిలిక్ పలక నుంచి విడిపోవడాన్ని లిఫ్టింగ్ అంటారు. ఆ సందును జిగురుతో మూసేసి పంపితే లోపల చిక్కిన తడిలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగి గోటికి ఆకుపచ్చ రంగు పడుతుంది. ఆకుపచ్చ మరక, చీము, వాపు, రక్తం, పలక పడక నుంచి విడిపోయి తెల్లగా కనిపించడం, ముట్టుకుంటే ఓర్వలేని నొప్పి, వీటిలో ఏది కనిపించినా అలంకరణ పని అక్కడితో ఆపి, వైద్యుణ్ని కలవమని సూటిగా చెప్పాలి. దాన్ని రంగుతో కప్పి పంపడం ఎంత మాత్రమూ క్షమించదగినది కాదు.

ఇంతకు ముందు వేసిన వారిని నిందించడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. అక్రిలిక్ చర్మం మీదకు పారిందనీ, గోటి మొదట్లో మెషిన్ బిట్టు, అంటే దాని తిరిగే మొన, నొక్కడం వల్ల ఎర్రని వంపుగీత పడిందనీ, కనిపించినదాన్ని కనిపించినట్టు చెప్పి, అనుమతి తీసుకుని ఫోటో తీసి ఉంచితే చాలు. గంటకు పైగా పట్టవచ్చనీ, ఒకే రోజు అంతా రాకపోవచ్చనీ, దానికి ఇంత తీసుకుంటారనీ మొదటే చెప్పాలి. కొత్త సెట్టు వేయించుకుంటే తీయడం ఉచితం అనే పద్ధతి తొందరను పెంచుతుంది, తొందర గోటిని చీలుస్తుంది. కాబట్టి తీయడానికి దాని ధర దానికి ఉండడమే న్యాయం.

పని పొడవు తగ్గించడంతో మొదలవుతుంది. గోటిని కింది వైపు నుంచి చూసి సొంత గోరు ఎక్కడ ముగుస్తుందో గుర్తించి, ఆ గీతకు బయట మాత్రమే, రెండు పక్కల నుంచి మధ్యకు చిన్న ముక్కలుగా కత్తిరించాలి. మందంగా ఉన్నదాన్ని ఒక్క నొక్కుతో కత్తిరిస్తే ఆ అదురు పలక దాకా పాకి దాన్ని పగులగొడుతుంది. మరీ గట్టిగా ఉంటే కత్తిరింపు మానుకుని ఆకురాయితోనే, అంటే ఫైలుతోనే, పొడవు తగ్గించాలి. తరువాత పై మందాన్ని తగ్గించాలి. ఫైలు గరుకుదనాన్ని గ్రిట్ అనే అంకెతో చెబుతారు, అంకె చిన్నదైన కొద్దీ గరుకు ఎక్కువ; 100 గ్రిట్‌తో మొదలుపెట్టి సొంత గోరు దగ్గర పడుతున్న కొద్దీ 180కి మారాలి. తడి దూదితో దుమ్ము తుడుస్తూ ఉంటే అక్రిలిక్ ఎక్కడ ముగిసి గోరు ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది. పలచని పొర మిగలగానే ఆగాలి. చేయి ఇంకా కుదరని వారు మెషిన్‌ను పై మందం తీయడానికి మాత్రమే, బిట్టును గోటికి సమాంతరంగా ఉంచి, ఒకచోట నిలపకుండా, నొక్కకుండా వాడి, చివరి భాగం చేతి ఫైలుతో చేయడం మేలు. వేడి తగిలినట్టు వచ్చినామె ఒక్కసారి అన్నా చేయి వెంటనే ఎత్తాలి. ఓర్చుకోమని చెప్పే హక్కు ఈ వృత్తిలో ఎవరికీ లేదు. లేచిన అంచును కత్తెరతో పట్టి తెంపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఎందుకంటే లేచిన భాగానికి ఆనుకుని ఇంకా గట్టిగా అంటి ఉన్న భాగం తనతో పాటు పలక పొరలను లాక్కుని వస్తుంది.

మిగిలిన పొరను మెత్తబరచేది అసిటోన్. అది అక్రిలిక్‌లోకి చొరబడి ఉబ్బించి, పట్టు వదిలిస్తుంది. అసిటోన్ లేదని డబ్బా మీద రాసి అమ్మే రిమూవర్లు ఈ పనికి చాలవు. చుట్టూ ఉన్న చర్మానికి మాత్రమే వాజలైన్ రాసి, గోటంత దూది ముక్కను అసిటోన్‌లో తడిపి గోటి మీద పరచి, ఫాయిల్‌తో చుట్టి, 20 నిమిషాలు కదలకుండా ఉంచాలి. ఫాయిల్ చుట్టిన చేతుల మీద గోరువెచ్చని పొడి తువ్వాలు కప్పితే పని కొంచెం త్వరపడుతుంది. అయితే అసిటోన్‌ను మంట మీద గాని మైక్రోవేవ్‌లో గాని వేడిచేయడం ప్రాణాపాయం. అది 56 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, సున్నాకు చాలా దిగువన ఉన్న చలిలో కూడా దాని ఆవిరి నిప్పు అందుకోగలదు. ఆ ఆవిరి గాలికన్నా రెండు రెట్లు బరువు కావడంతో నేల వెంబడి పాకి దూరాన ఉన్న మంటను చేరుకుంటుంది. మన పార్లర్లలో దేవుడి పటం ముందు దీపమూ అగరొత్తులూ వెలిగించే ఆచారం మంచిదే కాని, అసిటోన్ సీసా మూత తెరిచి ఉన్నంతసేపు అవి వెలగకూడదు. ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన గదిలో ఆవిరి, దుమ్ము బయటకు పోయే దారి తప్పక ఉండాలి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు.

గడువు కాగానే ఒక వేలి ఫాయిల్ మాత్రమే విప్పాలి, ఎందుకంటే గాలి తగిలిన అక్రిలిక్ మళ్లీ బిగుసుకుంటుంది. జిగటగా ముడుచుకున్నదాన్ని చెక్క పుల్లతో మొదలు నుంచి చివరకు తేలికగా తోస్తే జారి రావాలి. రాకపోతే తిరిగి దూది పెట్టి చుట్టి ఇంకొక వేలికి వెళ్లాలి. 2, 3 సార్లు చేసినా మెత్తబడకపోతే అది ఎంఎంఏ కావచ్చు, లేదా లైటు కింద గట్టిపడే, అసిటోన్‌కు కరగని హార్డ్ జెల్ కావచ్చు. అప్పుడు దాన్ని ఫైలుతో వీలైనంత పలచన చేసి, అంచులు నునుపుగా దిద్ది, కురచగా కత్తిరించి, 2, 3 వారాలకొకసారి వచ్చి పెరిగిన మేర దిద్దించుకోమని పంపడమే సరైన పని. కొంచెం మిగిలిందని నామోషీ పడనక్కరలేదు.

ముహూర్తం ఎల్లుండి ఉందంటూ లేచిన గోళ్లతో పెళ్లికూతురు వచ్చే సందర్భం ఈ వృత్తిలో అతి కష్టమైనది. ఆమె కంగారు, వెంట వచ్చిన పెద్దల ఒత్తిడి రెండూ నిజమైనవే అయినా, లేచిన భాగాన్ని అతికించి పైన మరో పొర వేయడం తగదు. పట్టు వదలని గోళ్లను కురచ చేసి రంగు వేసి, వదులైన వాటిని మాత్రం నియమం ప్రకారం తీసి, సొంత గోళ్లకు రంగు వేసి పంపవచ్చు. పది వేళ్లూ ఒకే పొడవున, కురచగా ఉంటే అందానికి లోటు రాదు. ఆపరేషన్‌కు ముందు గోళ్లు తీయించుకు రమ్మని ఆసుపత్రి పంపినవారికి వీలైనంత త్వరగా సమయం కేటాయించాలి. రక్తంలో ప్రాణవాయువును కొలిచే క్లిప్పును వేలికే తగిలిస్తారు, గోటి మీద ఉన్న పూత ఆ కొలతకు అడ్డు రావచ్చు.

తీశాక గోళ్లు పలచగా, పొడిబారి, అక్కడక్కడా తెల్లగా కనిపిస్తాయి. 240 గ్రిట్‌తో పైపైన ఒక్కసారి నునుపు చేసి, కడిగి, నూనె రాయాలి. రాత్రిపూట రాసే కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని గోటిని త్వరగా పెంచవు, తేమను నిలుపుతాయి, అదే చాలు. అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు తొడుక్కోమనీ, చర్మం ఎర్రబడి ఉంటే 2 రోజులు చెంచాతో తినమనీ, నల్ల గోరింటాకు కోన్లను దగ్గరకు రానీయవద్దనీ చెప్పాలి. వాటిలో కలిపే పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం మామూలు చర్మం మీదనే తీవ్రమైన అలర్జీ కలిగించగలదు. అదే రోజు కొత్త సెట్టు వేయమని ఎంత బతిమాలినా, గోరు నొక్కితే నొప్పిగా ఉన్నా, వంగుతున్నా వేయకూడదు. వాడిన చెక్క పుల్లలు, ఫైళ్లు పారవేసి, లోహపు పనిముట్లు సబ్బుతో కడిగి క్రిమిసంహారక ద్రావణంలో ఉంచి, మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ వేళ్ల మీద ఎంత పొర మిగిలిందో కార్డు మీద రాసుకోవాలి.

ఇట్లు
మేనత్త