పడవ ఇంజనులో విద్యుత్తు దారి : దోషాన్వేషణ పద్ధతి

తెలుగు పాఠం చెప్పే అధ్యాపకుడు ఇంజను తీగలను గురించి వ్రాయటమేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. కాని ఈ విషయంతో భాషకు కూడ కొంత సంబంధమున్నది. 'మరమ్మతు' అనే మాట అరబ్బీ నుండి, 'దర్యాప్తు' అనే మాట పారసీ నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడినవి. లాంచీ నడిపే 'సరంగు' పేరు కూడ పారసీ నుండి వచ్చినదే. దర్యాప్తు ముగియక ముందు మరమ్మతుకు దిగరాదన్నదే ఈ వ్యాసానికి మూలసూత్రం.

గోదావరి, ప్రాణహితలు కలిసే కాళేశ్వరం మన భూపాలపల్లి జిల్లాలోనిది. ఆవలి దిక్కున మహారాష్ట్రకు చెందిన సిరోంచ ఉన్నది. వంతెన లేని రోజులలో ఈ రెండు తీరాలను కలిపినవి పడవలే. 2025 మే నెలలో అక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగినవి. 2027 గోదావరి పుష్కరాల సంవత్సరం. జనగామ, మహబూబాబాదు ప్రాంతాల విద్యార్థులకు మోటారు పడవ అంతగా పరిచయం లేకపోవచ్చు. అయినా చింతలేదు. చిన్న పడవ ఇంజనులోనూ, ట్రాక్టరులోనూ బ్యాటరీని నింపే ఏర్పాటు ఇంచుమించు ఒకటే.

డీజిలు ఇంజనులో ఇంధనాన్ని మండించేది విద్యుత్ రవ్వ కాదు, ఒత్తిడికి గురియై వేడెక్కిన గాలి. కావున యాంత్రికమైన ఇంధన పంపు గల ఇంజను ఒకసారి నడక సాగించిన తరువాత బ్యాటరీ సహాయం లేకుండానే నడుస్తుంది. అపాయమంతా ఇక్కడే ఉన్నది. బ్యాటరీ నిండకపోయినా ఇంజను ఆగదు గనుక సరంగుకు అనుమానం రాదు. దీపాలు, అడుగున చేరిన నీటిని తోడే పంపు బ్యాటరీని మెల్లగా ఖాళీ చేస్తాయి. నడినదిలో ఏ కారణం చేతనైనా ఇంజను ఆగితే, మనవారు 'సెల్ఫ్' అని పిలిచే స్టార్టరు మోటారు తిరగదు. రోడ్డు మీద ఆగిన ట్రాక్టరును నలుగురు కలిసి నెట్టగలరు. ప్రవాహంలో ఆగిన పడవను నెట్టేవారెవరు?

ఇక నిర్మాణాన్ని పరిశీలిద్దాము. అయస్కాంత క్షేత్రం మారినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే నిరూపించాడు. ఆల్టర్నేటరుకు ఆధారం ఆ సూత్రమే. అందులో తిరిగే చుట్టను అయస్కాంతంగా మార్చటానికి మొదట కొద్దిపాటి విద్యుత్తు కావలెను. సాధారణంగా అది బ్యాటరీ నుండి తాళపు స్విచ్చి, హెచ్చరిక దీపం మీదుగా వస్తుంది. ఆల్టర్నేటరు పనిచేయనారంభించగానే దీపానికి రెండు వైపులా వోల్టేజి సమానమై దీపం ఆరిపోతుంది. నీటిమట్టం సమానంగా ఉన్న రెండు చెరువుల నడుమ కాలువ పారదు గదా! పుట్టిన విద్యుత్తును డయోడులు ఒకే దిశకు మళ్ళిస్తాయి. రెగ్యులేటరు హద్దులో ఉంచుతుంది.

దర్యాప్తు క్రమం ఇది.

ఒకటి : ఇంజను ఆపి కళ్ళతో చూడవలెను. బెల్టు వదులైనదా? తీగ ఎక్కడైనా ఒరుసుకున్నదా? బిగింపులు సడలినవా?

రెండు : కొన్ని గంటల విశ్రాంతి తరువాత బ్యాటరీని మీటరుతో కొలవవలెను. నిండిన పన్నెండు వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 చూపితే దాదాపు సగమే మిగిలినట్లు.

మూడు : ఇంజను నడపకుండా తాళం త్రిప్పితే హెచ్చరిక దీపం వెలగవలెను. వెలగకపోతే ఆల్టర్నేటరు నుండి ఆ దీపపు తీగను విడదీసి ఇంజను లోహభాగానికి తాకించవలెను. అప్పుడు వెలిగితే దోషం ఆల్టర్నేటరు వైపు. అప్పటికీ వెలగకపోతే దోషం బల్బులోనో, తీగలోనో, ఫ్యూజులోనో, స్విచ్చిలోనో ఉన్నట్లు.

నాలుగు : ఇంజను వేగం పెంచి బ్యాటరీ వద్ద కొలిస్తే సుమారు 13.8 నుండి 14.4 వోల్టులు ఉండవలెను. పెరగకపోతే బ్యాటరీ నిండటం లేదు. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించవలెను.

ఐదు : దీపాలన్నీ వెలిగించి, ఆల్టర్నేటరు వద్దా బ్యాటరీ వద్దా వేరువేరుగా కొలవవలెను. అక్కడ 14.2, ఇక్కడ 13.2 ఉన్నదనుకొందాము. దారిలో ఒక వోల్టు పోయినది. 40 ఆంపియర్లు ప్రవహిస్తుంటే, ఓమ్ సూత్రం ప్రకారం ఆ దారిలోని నిరోధం 0.025 ఓములు మాత్రమే. సంఖ్య చిన్నదే, కాని అక్కడ 40 వాట్ల వేడి పుడుతున్నది. అదంతా ఒకే అతుకులో చేరితే, ప్రక్కనే డీజిలు ఉన్న పడవలో దాని ఫలితం చెప్పనక్కరలేదు. ఖాళీగా ఉన్న తీగను చిన్న బల్బుతో పరీక్షిస్తే ఈ దోషం కనబడదు. బరువెత్తినప్పుడే మనిషి బలం తెలిసినట్లు, నిండు విద్యుత్తు పారినప్పుడే అతుకు బలం తెలుస్తుంది. ఆల్టర్నేటరు ఒంటికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య కూడ ఇట్లే కొలవవలెను. చాలమంది మరచేది ఈ తిరుగు దారినే.

ఇనుముకు పట్టేది తుప్పు, రాగికి పట్టేది చిలుము. పడవలో తేమ వల్ల రెండును వస్తాయి. చిలుము పట్టిన కొనను గీకి శుభ్రపరచి, గట్టిగా బిగించవలెను. తీగ లోపలంతా నల్లబడితే మార్చవలసినదే. పడవకు కళాయి పూసిన రాగి తీగ శ్రేష్ఠం. ఈ 'కళాయి' కూడ అరబ్బీ మాటే.

కొన్ని జాగ్రత్తలు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయరాదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడులు కాలిపోతాయి. నిండుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడుతుంది గనుక దగ్గర బీడీ వెలిగించరాదు. తిరిగే బెల్టు దగ్గర లుంగీ, తువ్వాలు వ్రేలాడరాదు.

వ్యాకరణంలో సంధి తప్పితే వాక్యం చెడుతుంది. దానిని ఎర్ర సిరాతో దిద్దవచ్చు. తీగలలో సంధి తప్పితే ఒడ్డు చేరవలసిన జనం నడినదిలో నిలిచిపోతారు. విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఈ పనిముట్లు చేపట్టేవారే. అనుమానంతో కొత్త ఆల్టర్నేటరు కొనిపించక, ముందు మీటరు తీసి కొలవండి. కొలిచిన పిమ్మటే మాట్లాడటం ఏ శాస్త్రానికైనా తొలి పాఠం.