పువ్వు కింద చూడండి

వరి చేలో కలుపు తీయడం మీకు తెలుసు. లేతగా ఉన్నప్పుడు వరి, ఊద ఒక్కలాగే ఉంటాయి. తెలియనివాళ్లు ఊదను వదిలేసి వరిని పీకేస్తారు. మీరు అలా పొరబడరు. చూపుతోనే పట్టేస్తారు.

అలాంటి చూపు కావలసిన ఒక మొక్క సంగతి చదువుదాం. ఇది మన దేశపు మొక్క కాదు. దూరాన ఉన్న అమెరికా దేశానిది.

దాని పేరు రన్నింగ్ బఫెలో క్లోవర్. క్లోవర్ అంటే మూడేసి ఆకుల చిన్న మొక్క. పశువుల మేతకు వేసే బర్సీం కూడా ఒక రకం క్లోవరే. పులిచింతాకుకు కూడా మూడు రెక్కలుంటాయి. కానీ అది వేరే కుటుంబం.

రన్నింగ్ అంటే పరుగెత్తేది. ఈ మొక్క తీగలు నేల మీద పాకుతాయి. కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి. బఫెలో అంటే అక్కడి బైసన్. అది మూపురం, ఒంటి నిండా జుట్టు ఉండే పెద్ద అడవి పశువు.

ఎందుకు తగ్గిపోయింది?

ఈ మొక్క చీకటి అడవిలో బతకదు. ఎండ మండే బయలులోనూ బాగా పెరగదు. చెట్లు పలచగా ఉండి, కొమ్మల సందుల్లోంచి ఎండ పడాలి. పూర్వం బైసన్ మందలు మేస్తూ, తొక్కుతూ తిరిగేవి. పొదలు అణిగేవి. నేలకు వెలుతురు తగిలేది.

మనుషులు బైసన్లను వేటాడారు. ఆ తూర్పు ప్రాంతంలో అవి లేకుండా పోయాయి. చాలా అడవులు నరికి పొలాలు చేశారు. మిగిలిన చోట్ల పొదలు మూసుకుపోయాయి. పైగా యూరప్ నుంచి వచ్చిన తెల్ల క్లోవర్ అంతటా అల్లుకుంది.

1940 తర్వాత ఈ మొక్క ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1983లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మళ్లీ దొరికింది! 1987లో ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. తర్వాత వెతికితే ఇంకా చాలా చోట్ల కనబడింది. ఎక్కడనుకున్నారు? కాలిబాటల పక్కన, పాత శ్మశానాల్లో, పాత ఇళ్ల దగ్గర. అంటే మనుషులు నడిచే చోట, అప్పుడప్పుడు గడ్డి కోసే చోట. బైసన్లు చేసిన పని అక్కడ మనుషులు చేస్తున్నారన్నమాట. 2021లో దీన్ని ఆ జాబితా నుంచి తీసేశారు. అయినా కనిపెట్టుకుని ఉండాలి. పొదలు కమ్మేస్తే మళ్లీ తగ్గిపోతుంది.

ఎలా గుర్తుపట్టాలి?

తెల్ల క్లోవర్ కూడా నేల మీద పాకుతుంది. దానికీ తెల్లని పూలగుత్తులే. అందుకే తొందరపడకూడదు. ఇలా చూడాలి:

1. ఆకు మీద చూడండి. తెల్ల క్లోవర్ ఆకు మీద తరచుగా తెల్లని గీత వంకరగా కనబడుతుంది. రన్నింగ్ బఫెలో క్లోవర్ ఆకు మీద ఆ గీత ఉండదు.

2. పువ్వు కింద చూడండి. ఇదే అసలు గుర్తు. రన్నింగ్ బఫెలో క్లోవర్ పూకాడకు, గుత్తి కింద, రెండు ఆకులుంటాయి. ఒక్కో ఆకుకు మూడు రెక్కలు. తెల్ల క్లోవర్ పూకాడ బోసిగా ఉంటుంది.

3. నేల మీద చూడండి. బఫెలో క్లోవర్ అనే మరో రకం కూడా ఆ దేశంలోనే ఉంది. దానికి పాకే తీగలుండవు.

ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు. మూడూ చూడాలి. ఈ మొక్క ఏప్రిల్ నుంచి జూన్ వరకు పూస్తుంది. గుర్తుపట్టడానికి అదే మంచి కాలం.

పేరు తెలియని మొక్క పోయినా, పోయిందని మనకు తెలియదు. గుర్తుపట్టిన మొక్కనే కాపాడుకోగలం.

ఆలోచించి చెప్పండి

1. బైసన్లు పోతే మొక్క ఎందుకు తగ్గింది?
2. పువ్వు కింద ఏం చూడాలి?
3. మీ చిన్నతనంలో చేల గట్ల మీద ఉండి, ఇప్పుడు కనబడని మొక్క ఏది? దాని పేరు, గుర్తులు మీ నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి.