ఇంట్లో చెప్పిన వాయిస్ ఓవర్ రేడియో మాటంత స్పష్టంగా రావాలంటే



ఈమధ్య చాలామంది ప్రకృతి సేద్యం చేసే రైతులు తమ పొలంలో కషాయాలు, జీవామృతం తయారీ వీడియో తీసి, ఇంటికొచ్చి దానికి మాట కలుపుతున్నారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటోంది. మాట మాత్రం బావిలోంచి వచ్చినట్లు ఉంటోంది. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా రైతు చూస్తాడు, మాట అర్థం కాకపోతే అర నిమిషంలో తీసేస్తాడు. తీసేస్తే ఇంకా నయం. తప్పుగా విని పాటిస్తేనే కష్టం.

పోయిన సంవత్సరం ఒక మిరప రైతు ఫోన్ చేసి, "అన్నా, అగ్నిఅస్త్రం ట్యాంకుకు ఆరు లీటర్లు పోస్తే ఇంక నీళ్లకు జాగా యాడుంటుంది?" అన్నాడు. ఆయన ఏదో వీడియోలో అట్ల విన్నాడంట. అందులో చెప్పింది 15 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. ప్రతిధ్వనిలో "అర" కాస్తా "ఆరు" అయింది. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు గోమూత్రంలో ఉడికించిన కషాయం అది. అంత చిక్కగా కొడితే ఆకు మాడిపోతుంది. ఆయనకు అనుమానం వచ్చి అడిగినాడు కాబట్టి సరిపోయింది. మన తెలుగులో దీర్ఘం మారితే లెక్కే మారిపోతుంది. ఇరవై, అరవై కూడా అంతే. అందుకే వాయిస్ నాణ్యత అనేది మనకు షోకు కాదు, మోతాదుకు సంబంధించిన విషయం.

మంచి మైకు కొంటే అంతా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. కడప ఆకాశవాణినే తీసుకోండి. 1963లో మొదలైన కేంద్రం, 900 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్. మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కు ఉండే జాగా 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అంటే మాటలోని సన్నని శబ్దాలు సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. మన చేతిలోని ఫోను అంతకు ఎన్నో రెట్లు సన్నని శబ్దాలను పట్టుకుంటుంది. అయినా గెనెం మీద పెట్టిన ట్రాన్సిస్టర్‌లో ఒక్కో అక్షరం తెలిసేది. ఎందుకంటే చెప్పే గది నిశ్శబ్దంగా ఉంటుంది, గోడలు శబ్దాన్ని మింగేస్తాయి, మైకు నోటికి దగ్గరగా ఉంటుంది. ఈ మూడూ ఇంట్లో కుదుర్చుకుంటే చాలావరకు పని అయిపోయినట్లే.

ముందు గది

మన కడప జిల్లా ఇండ్ల సంగతి మీకు తెలిసిందే. కింద నాపరాళ్లు, అల్మారాలకు కూడా బండలే, పాత మిద్దెలైతే పైన కూడా బండలే. వేసవిలో చల్లగా ఉంటాయి గానీ మాటకు మాత్రం శత్రువులు. నోట్లోంచి వచ్చిన శబ్దం బండకు తగిలి తిరిగొచ్చి, అసలు మాట మీద పడుతుంది. మీ గదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. "టప్" అని ఆగిపోతే మంచి గది. వెనకాల "టంగ్" అని తోక వినబడితే అక్కడ రికార్డు చేయొద్దు.

దీనికి స్టూడియో నురుగు పలకలు కొనాల్సిన పని లేదు. బట్టల బీరువా, మంచం, పరుపు ఉన్న చిన్న గది చూసుకోండి. నేల మీద బొంత పరచండి. మీరు కూర్చునే చోటికి వెనక, రెండు పక్కల మందపాటి బొంతలు గానీ రగ్గులు గానీ దండెం మీద వేయండి. ముఖ్యంగా మీ వెనక. మైకు మీవైపు చూస్తుంది కదా, మీ వెనకాల గోడ నుంచి వచ్చేదంతా దానికి వినబడుతుంది. శనక్కాయ మూటలు, వడ్ల బస్తాలు పేర్చిన గది ఉంటే అంతకంటే మంచి స్టూడియో లేదు. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించమని కొందరు చెబుతారు. వాటితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, బయట శబ్దాన్ని అసలే ఆపవు.

కారు ఉన్నవాళ్లు చెట్టు కింద ఆపి, ఇంజనూ ఏసీ ఆపి, అద్దాలు ఎత్తి లోపల చెప్పొచ్చు. మెత్తటి సీట్ల వల్ల ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. ఎండ ముదిరినాక మాత్రం కుదరదు, పొద్దున ఏడు లోపలే.

తర్వాత సమయం

బొంతలు ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ పక్కింటి మోటరును ఆపలేవు. దానికి వేళ ఎంచుకోవడమే మార్గం. మామూలు రోజుల్లో రాత్రి పది తర్వాత బాగుంటుంది. అయితే మా చెన్నూరు వైపు కేసీ కెనాల్‌కు నీళ్లొదిలి కయ్యలు నిండినాయంటే రాత్రంతా కప్పల కచేరీనే. అప్పుడు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, ఊరు కునుకు తీసే వేళ మేలు.

ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ కూడా ఆపాలి. దాని గుర్రు మన చెవికి అలవాటైపోయి వినబడదు, మైకు వదలదు. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. పాలు విరిగి ఇంట్లో గొడవ కాకుండా ఉంటుంది! ల్యాప్‌టాప్‌తో రికార్డు చేసేవాళ్లు చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. "జుయ్" అనే కరెంటు మోత చాలాసార్లు దాంతోనే పోతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

మైకు, దూరం

కాలర్‌కు పెట్టుకునే వైరు మైకు వెయ్యి రూపాయల లోపల దొరుకుతుంది. మొదలుపెట్టడానికి అది చాలు. ఫోనుకు గుండ్రటి ఆడియో పిన్ను లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి. మైకు అసలే లేకపోయినా, ఫోన్‌నే ఒక జాన దూరంలో స్టాండుకు పెట్టి చెప్పండి. నోటికీ మైకుకూ మధ్య దూరం సగానికి తగ్గిస్తే మీ మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇదే.

కాకపోతే దగ్గరైతే గాలి కొడుతుంది. మన సేద్యం మాటలన్నీ చూడండి: పేడ, పప్పుల పిండి, పుట్టమట్టి. ప్రతి "ప"కూ మైకులో "బుస్" అంటుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, ఓరగా పెట్టండి. ఆ మూడు మాటలే నాలుగుసార్లు చెప్పి విని, బుస్సుమనే శబ్దం పోయేవరకు మైకు జరుపుకోండి. అదే మీ పరీక్ష.

రికార్డింగ్‌లో మీటరు ఎక్కడ ఆడుతుందో గమనించండి. గట్టిగా పలికినప్పుడు కూడా మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఉండాలి. సున్నా తగిలితే మాట పగిలిపోతుంది, పగిలింది మళ్లీ అతకదు. ఫైలు డబ్ల్యూఏవీగా, 48 కిలోహెర్ట్జ్, మోనోలో చేయండి.

చెప్పే తీరు

యాస మార్చొద్దు. మన కడప మాటే మాట్లాడండి, పుస్తకం చదివినట్లు చెబితే రైతుకు నమ్మకం కుదరదు. కానీ మోతాదులు మాత్రం ముందే కాగితం మీద రాసుకోండి. "అర లీటరు, అంటే 500 మిల్లీలీటర్లు" అని రెండు రకాలుగా చెప్పి, వీడియోలో అంకె కూడా వేయండి. ద్రవజీవామృతం చెప్పేటప్పుడు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి అని ఒకే ఊపిరిలో లాగించొద్దు. ఒక్కో అంకె తర్వాత విని రాసుకునేంత ఆగండి. తప్పు పలికితే ఆపకుండా, ఒక చప్పట్టు కొట్టి ఆ వాక్యం మొదటి నుంచి చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్టు నిటారుగా లేచిన గీతలా కనబడుతుంది, వెతుక్కోవాల్సిన పని లేదు.

శుభ్రం చేయడం

మొదట్లో పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2000 నుంచి ఉంది, అందులో ఆ పది సెకన్ల మోతను నమూనాగా చూపించి నాయిస్ రిడక్షన్ వాడొచ్చు. 6 నుంచి 12 డెసిబెల్స్ వరకే తగ్గించండి. ఆశపడి ఎక్కువ తీస్తే మోతతో పాటు "స", "శ", "చ"ల పదును కూడా పోయి, నీళ్లలోంచి మాట్లాడినట్లు ఉంటుంది. ఆ తర్వాత 80 హెర్ట్జ్ కింద కోసేయండి, కొద్దిగా కంప్రెసర్, అంతే.

ప్రొఫెషనల్ స్థాయి అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ సంస్థ పెట్టిన కొలత చూడండి: సగటు శబ్దం మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య, అత్యధికం మైనస్ 3 దాటకూడదు, మాట లేనప్పటి మోత మైనస్ 60 కంటే తక్కువ ఉండాలి. మూడో అంకెను అందుకోవడమే కష్టం, అది గదిని బట్టి వస్తుంది. యూట్యూబ్‌కైతే మొత్తం శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ దగ్గరికి తేండి. అంతకంటే గట్టిగా ఉంటే యూట్యూబే తగ్గిస్తుంది, తక్కువగా ఉంటే మాత్రం పెంచదు.

చివరగా ఇయర్‌ఫోన్లో విని తృప్తి పడొద్దు. మన వీడియో వినేది మోటరు షెడ్డు పక్కన, ఫోన్ స్పీకర్లో. మీరు కూడా అట్లే వినండి. ఇంట్లో సేద్యం తెలియని మనిషికి ఒక్కసారి వినిపించి, మోతాదులన్నీ తిరిగి చెప్పమనండి. ఏ అంకె దగ్గర తడబడితే ఆ వాక్యం మళ్లీ రికార్డు చేయాల్సిందే.

వీడియో ఎడిట్ చేసే తమ్ముడికి ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపొద్దు, అది మాటను నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పెట్టి పంపండి.