బాడీకి సగం, మిగతా సగం లెన్సుకీ ఫిల్టరుకీ

కెమెరా పట్టుకుని బతుకుదామనుకునే పిల్లలు ముందుగా అడిగేది, "లక్ష రూపాయల్లో సినిమా లుక్ వచ్చే కెమెరా ఏది సార్?" అని. మోడల్ పేరు చెప్పేవాళ్లకు యూట్యూబ్‌లో కొదవ లేదు. నేనైతే ఎదురు ప్రశ్న వేస్తాను: మీకు మొదటి పని ఎవరిస్తారు? మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమందికి అది పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. కొందరికి యూట్యూబ్ ఛానల్, ఇంకొందరికి షార్ట్ ఫిల్మ్ తీసే మిత్రబృందం. వాళ్ల దగ్గర ఏ మౌంటు లెన్సులున్నాయో ముందు కనుక్కోండి. మీదీ అదే మౌంటయితే ముహూర్తం రోజు రెండో కెమెరాకి మిమ్మల్ని పిలుస్తారు. వాళ్ల లెన్సు మీ బాడీకి ఎక్కుతుంది. కెమెరాలు ఒకే కంపెనీవైతే ఎడిటింగ్ టేబుల్ దగ్గర రంగులు కలపడమూ తేలిక. ఎవరి దగ్గరా లేని అరుదైన కెమెరా కొంటే అది మీ అలమారలోనే ఉంటుంది.

చిన్న కెమెరాతో సినిమా అవుతుందా అన్న అనుమానం ఇప్పుడు అక్కర్లేదు. 2008లో వచ్చిన కానన్ 5డీ మార్క్ 2 ఆ సంగతి తేల్చేసింది. రాంగోపాల్ వర్మ 2011లో 'దొంగల ముఠా'ను 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే ముచ్చట. 2023 నాటి హాలీవుడ్ చిత్రం 'ది క్రియేటర్'లో ఎక్కువ భాగం తీసింది సోనీ ఎఫ్ఎక్స్3 తోనే. అయితే దాని ముందు బిగించింది కోవా అనమార్ఫిక్ లెన్సు. దుకాణంవాళ్లు మొదటి సగమే చెప్పి ఊరుకుంటారు.

అసలు సినిమా లుక్ ఎక్కడినుంచి వస్తుంది? మొదటిది కదలిక. సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. 1/50లో రెండు మిణుకులు పూర్తిగా పడతాయి గనుక వెలుతురు నిలకడగా ఉంటుంది. విదేశీ వీడియో చూసి 1/60 పెట్టారా, కళ్యాణ మండపమంతా గోడల మీద నీడలు పాకుతాయి.

చిక్కంతా ఎండలో. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పందిరి అనుకోండి. ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 పెడితే సరైన ఎక్స్‌పోజర్ కోసం అపర్చర్ ఎఫ్/22 దాకా మూయాలి. వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు, జెనరేటరు, క్యాటరింగ్ వ్యాను అన్నీ స్పష్టంగా కనబడతాయి. అవి మసకబారాలంటే ఎఫ్/2.8 కావాలి, అంటే ఆరు స్టాపుల వెలుతురు తగ్గించాలి. కొత్తవాళ్లు ఇక్కడ షట్టర్‌ను 1/3200కి పెంచేస్తారు. ఎక్స్‌పోజర్ సరిపోతుంది, కదలిక చెడుతుంది. తలంబ్రాలు పోసుకుంటుంటే ఒక్కో గింజా గాల్లో గుచ్చినట్టు ఆగి ఆగి పడుతుంది. 1/50లో అదే గింజ సన్నటి గీతలా జారుతుంది. కన్ను అలవాటుపడిన సినిమా కదలిక అదే. దానికి కావలసింది ఆ ఆరు స్టాపుల వెలుతురును కోసే ఎన్‌డీ64 ఫిల్టరు. రంగులు తర్వాత దిద్దుకునేందుకు వెలిసినట్టు రికార్డు చేసే లాగ్‌లో తీస్తే కనీస ఐఎస్ఓ చాలా కెమెరాల్లో 800 దగ్గర ఉంటుంది, ఇంకో మూడు స్టాపులు చీకటి చేయాలి. కాబట్టి కెమెరాతో పాటే మంచి ఫిల్టరు కొనండి. మరీ చవకరకం వేరియబుల్ ఎన్‌డీ వద్దు. వైడ్ లెన్సుపై తిప్పితే ఫ్రేము మధ్యలో అడ్డదిడ్డంగా ఇంటూ గుర్తులాంటి మరక పడుతుంది, మనుషుల ఒంటిరంగు కూడా మారిపోతుంది.

బాడీ విషయంలో 4కేనా 6కేనా అన్నది నా లెక్కలో చివరి ప్రశ్న. 10 బిట్ ఉందా అన్నది మొదటిది. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024. లాగ్‌లో తీసిన 8 బిట్ ఫుటేజిని గ్రేడింగ్‌లో లాగితే సాయంత్రపు ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. సోనీ జడ్‌వీ-ఈ10 మొదటి మోడల్ 8 బిట్. 2024లో వచ్చిన రెండో మోడల్, 2022 నాటి ఎఫ్ఎక్స్30 రెండూ 10 బిట్టే. బడ్జెట్ చాలకపోతే 2017 నాటి పానాసోనిక్ జీహెచ్5 సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. 2018లో వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కే రంగుల్లో వీటికి తీసిపోదు, కొత్తది కొంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిసాల్వ్ స్టూడియో లైసెన్సు కూడా వస్తుంది. కానీ బ్యాటరీ తినేస్తుంది, పరుగెత్తే మనిషిని వెంటాడే ఆటోఫోకస్ లేదు. షార్ట్ ఫిల్ముకు బంగారం, పెళ్లికి తలనొప్పి.

లెన్సు ఒక్కటైనా సరే, ఎఫ్/1.8 లేదా అంతకన్నా వెడల్పుగా తెరుచుకునేది ఉండాలి. ఏపీఎస్-సీ సెన్సరు మీద 35 ఎంఎం లెన్సు, ఫుల్‌ఫ్రేము మీద 50 చూపించినంత చూపిస్తుంది. ఇల్లు, వీధి, ముఖం మూడింటికీ పనికొస్తుంది. కెమెరాతో ఇచ్చే కిట్ జూమ్ సాధారణంగా లాగినకొద్దీ చీకటవుతుంది. తక్కువలో దొరికే పాత మాన్యువల్ లెన్సులు, ముఖ్యంగా నికాన్ ఏఐ-ఎస్, రష్యా హీలియోస్ 44-2, అడాప్టరుతో చక్కగా పనిచేస్తాయి. అపర్చర్ రింగు లెన్సు మీదే ఉందో లేదో చూసుకోండి. కానన్ ఈఎఫ్ లెన్సుకు మామూలు లోహపు అడాప్టరు పెడితే అపర్చర్ కదలదు. మాన్యువల్ లెన్సుతో ఇంకో లాభం ఉంది. చేత్తో ఫోకస్ లాగడం అలవాటవుతుంది. సినిమా కెమెరా డిపార్ట్‌మెంట్‌లోకి అసిస్టెంటుగా వెళ్లాలనుకునేవారికి ఇది అసలైన పని. ఫోకస్ పుల్లర్ అనే ఉద్యోగమే ఉంది మరి.

డబ్బు ఇంకా కూడకపోతే అప్పు చేయకండి. అద్దెకు తెచ్చి రెండు నిమిషాల షోరీల్ చేయండి. ఒకే మనిషిని మిట్టమధ్యాహ్నం, ట్యూబులైటు కింద, రాత్రి కిరాణా కొట్టు బల్బు వెలుతుర్లో తీసి చూపిస్తే స్టూడియో యజమానికి మీ పనితనం తెలుస్తుంది. అద్దె కెమెరాల ఆఫీసులోనే పనికి చేరడమూ మంచి దారి, పరికరాలన్నీ చేతికి వస్తాయి. డిగ్రీ ఉండి పద్ధతిగా చదవాలనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ సినిమాటోగ్రఫీ కోర్సులకు ప్రవేశ పరీక్ష రాయండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మొహమాటపడకండి. లెన్సు వెనకనుంచి మొబైల్ టార్చి వేసి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ల లెన్సుల్లో సాలెగూడులాంటి ఫంగస్ కనిపిస్తే వదిలేయండి. ఎఫ్/16లో తెల్లగోడను తీస్తే సెన్సరు మీది మచ్చలు బయటపడతాయి. అరగంట ఆపకుండా రికార్డు చేసి వేడెక్కి ఆగిపోతుందేమో, హెచ్‌డీఎంఐ పోర్టు వదులయిందేమో చూడండి. బిల్లు మీద, బాడీ మీద ఉన్న సీరియల్ నంబరు ఒకటే కావాలి. రేపు సర్వీస్ సెంటరుకు వెళ్లినా, ఇన్సూరెన్సు చేయించినా వాళ్లు ముందు అడిగేది దాన్నే.