‘నిందకుడు’ - పదార్థ విచారము

శైవ గ్రంథములందు శివనిందకుడు, గురునిందకుడు, భక్తనిందకుడు అను మాటలు తరచుగా కానవచ్చును. మన యిండ్లలోను, మఠములలోను ఈ పదము వాడుకలో నున్నదే. అయినను దానిని ఎవరియెడ వాడవలెనో, ఎవరియెడ వాడరాదో విచారించువారు తక్కువ. ఇష్టలింగమును ఎడమ అరచేతనే ఏల నుంచుకొని పూజింపవలెనని అడిగిన బాలుని సయితము ‘నిందకుడ’వని నోరు మూయించు పెద్దలు కలరు. ఇది ఆ బాలునకును, ఆ పదమునకును గూడ అన్యాయము.

‘నింద్’ ధాతువునకు దూరుట, తప్పు పట్టుట అని అర్థము. పాణిని తన అష్టాధ్యాయి మూడవ అధ్యాయము రెండవ పాదమున 146వ సూత్రములో ఈ ధాతువునకు ‘వుఞ్’ ప్రత్యయమును విధించెను. ఆ సూత్రము తాచ్ఛీల్య ప్రకరణములోనిది. అనగా ఒక పనిని స్వభావముగనో, అలవాటుగనో చేయువానిని చెప్పుటకు ఏర్పడినది. కావున కోపవశమున ఒకమారు నోరు జారినవాడు నిందకుడు కాడు. నిందించుటయే శీలముగా గలవాడు నిందకుడు. హింసకుడు, అసూయకుడు అను రూపములును ఆ సూత్రముచేతనే సిద్ధించుచున్నవి. వైయాకరణునకు రూపసిద్ధియే ప్రయోజనము కావచ్చును గాని, ఈ మువ్వురు ఒకే పంక్తిని కూర్చుండుట చూడ ముచ్చటగా నున్నది.

ఇక ఎగతాళి, గేలి, వెక్కిరింత అను తెనుగు మాటలలో నింద నవ్వు ముసుగు వేసికొని వచ్చును. అయితే నవ్వెల్ల నింద కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు చెప్పినాడు. శివునకు తల్లి లేదే యని జాలిపడి తానే తల్లియై లాలించిన బెజ్జమహాదేవి, శివుడు విషము మ్రింగెనని విని ప్రాణత్యాగమునకు సిద్ధపడి నీట దిగిన రుద్రపశుపతి - వీరి కథలు వినునపుడు మన పెదవులపై నవ్వు మొలచును, కన్నులు చెమర్చును. సోమనాథుడు వారిని గేలి సేయలేదు. ఆ అమాయకత్వమునే భక్తిగా నిలిపినాడు. అట్లే భక్తుడు తన స్వామిని బిచ్చగాడని, బూదిపూతవాడని చనవున దెప్పిన నది నిందాస్తుతి యగును. కుమారసంభవము అయిదవ సర్గమున బ్రహ్మచారి వేషముతో వచ్చి పార్వతి యెదుట శివుని దూరినవాడు శివుడే గదా! మాట యొకటే, చెప్పువాని హృదయమును బట్టి నింద యగును, పరీక్ష యగును, చనవు నగును.

బసవేశ్వరుని ప్రసిద్ధమైన ఒక వచనమున ఏడు నిషేధములు కలవు. దొంగతనము, హత్య, అసత్యము, కోపము అను నాలుగింటి తరువాత ఇతరులను ఏవగించుకొనుట, తన్ను తాను పొగడుకొనుట, ఎదుటివారిని దూషించుట చెప్పబడినవి. ఈ చివరిదానికి ఆయన వాడిన కన్నడ క్రియ ‘హళి’. ఎదుటివారు లింగధారులా కారా యను విభాగము అచ్చట లేదు. ఏడింటిని పాటించుటయే అంతరంగ బహిరంగ శుద్ధి యని ఆయన నిర్ణయము. ఇట్లుండగా శివనిందకు మాత్రమే బెదరి, మనుష్యనిందను చులకనగా చూచుట బసవమార్గ మెట్లగును?

మాదార చెన్నయ్యను, డోహార కక్కయ్యను బసవేశ్వరుడు తన సొంతవారుగా చెప్పుకొనెను. మనలో కొందరు దీక్ష పొందిన కుటుంబము యొక్క పూర్వపు కులమును పేర్కొని, పెండ్లి పందిళ్లలో నవ్వుకొందురు. క్రొత్తగా విభూతి ధరించినవాని రేఖలు వంకరపోయెనని ప్రక్కవానికి సైగ చేయుదురు. అది అలవాటైనచో పాణిని సూత్రము వారికి చక్కగా అన్వయించును. భక్తనిందక శబ్దమునకు ఇంతకంటె తగిన ఉదాహరణము నాకు తోచదు.

ప్రశ్నించువానికి తగిన పదము జిజ్ఞాసువు. శూన్యసంపాదనమున ముక్తాయక్క అల్లమప్రభువుతో వాదించినది; అక్కమహాదేవిని అల్లముడు కఠినమైన ప్రశ్నలతో నిలదీసినాడు. వారిలో నెవరిని మన పెద్దలు నిందకు లనలేదు.