గుర్రపు డెక్క ఎరువా? శత్రువా? మన కాలువల్లో నీటి మొక్కలను గుర్తుపట్టడం ఎలా?

మూడేళ్ల క్రితం నేనొక తప్పు చేశానండి. ఆచ్ఛాదనకు ఖర్చు లేదు కదా అని మురుగు కాలువలోని గుర్రపు డెక్కను వేర్లతో సహా, పచ్చిగానే అరటి మొదళ్లలో పరిచాను. పెద్ద వాన పడింది. ముక్కలు కొట్టుకొచ్చి కింద ఉన్న వరి మడిలో పాతుకున్నాయి. ఏరించడానికి రెండుసార్లు కూలి ఇచ్చాను. అందుకే ముందు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుందాం. ఈ వీడియోలో ఒక్కొక్కటీ పీకి చూపించాను.

వేరు ఎక్కడుంది, ఆకు ఎక్కడుంది అని చూస్తే చాలు, నాలుగు రకాలు తేలిపోతాయి.

1. తేలేవి: గుర్రపు డెక్క, అంతర తామర, అజొల్లా. వేరు మట్టిని తాకక్కర్లేదు. నీరు నిలిచిన చోట త్వరగా కమ్మేస్తాయి.

2. వేరు బురదలో, ఆకు పైన: తామర, కలువ. కలువ ఆకు నీటి మీదే పరుచుకుంటుంది, దానికి చీలిక ఉంటుంది. తామర ఆకు గుండ్రంగా, నీటి పైకి లేస్తుంది.

3. మునిగి ఉండేవి: హైడ్రిల్లా లాంటి నాచు మొక్కలు. వెలుతురు అడుగుకు చేరితేనే బతుకుతాయి. పైన డెక్క కమ్మితే ఇవి చస్తాయి, నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలకూ ముప్పే.

4. గట్టు వారవి: జమ్ము, కిక్కిస, తూటికూర. లోతు తక్కువ చోట ఉంటాయి.

ఇక ఏది ఎక్కడ? కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సు. అక్కడ ఈ నాలుగు రకాలూ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు వెంట సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు పెరిగి, డెక్క తగ్గిపోతుంది. కోరంగి వంటి నదీముఖాల్లో మడ చెట్లదే రాజ్యం. అంటే మొక్కే నీటి సంగతి చెబుతుందన్నమాట. మీ కాలువలో డెక్క ఆకుల అంచులు మాడుతుంటే, ఆ నీరు పెట్టే ముందు ఉప్పు పరీక్ష చేయించండి.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి:

- పూత రాకముందే తీస్తాను. గింజ బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.
- వేర్లు కోసేసి, గట్టు మీద పూర్తిగా ఎండబెడతాను. ఇందులో తొంభై శాతానికి పైగా నీరే. బండెడు తెస్తే మిగిలేది బుట్టెడే!
- ఎండాక తరిగి మెరక తోటల్లోనే పరుస్తాను.
- ఫ్యాక్టరీ నీరు కలిసే కాలువలోది అసలు ముట్టుకోను. డెక్క వేర్లు భార లోహాలను పీల్చుకుంటాయి.

అజొల్లా సంగతి వేరు. దాని ఆకుల్లో ఉండే అనబీనా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. వరి మడిలో దాన్ని ధైర్యంగా పెంచుకోండి.

మీ ఊళ్లో వీటిని ఏ పేరుతో పిలుస్తారో కామెంట్‌లో రాయండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, వేరు చూడకుండా మాత్రం పొలంలో వేయకండి.