డేటాబేస్ చదువునకు అప్పు వలదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములందు డిగ్రీ ముగించిన పిల్లల తలిదండ్రులలో, హైదరాబాదు అమీర్‌పేటలో గొప్ప పేరుగల డేటాబేస్ కోర్సు నొకదానిని చేయించినచో సాఫ్ట్‌వేర్ కొలువు తనంతట లభించునను విశ్వాసము బలముగా నాటుకొనియున్నది. దానికై మిర్చి పంట సొమ్మును, కొన్ని యిండ్లలో తాకట్టు పెట్టిన బంగారముపై తెచ్చిన అప్పును గూడ ధారపోయుచున్నారు. ఈ విశ్వాసము నిరాధారము. ఏ వివరములను సాదా ఫైలులో నుంచవలయును, వేనిని డేటాబేస్‌లో నుంచవలయును, ఎందుచేత, అను వివేచన యలవడని విద్యార్థికి ఏ కోర్సు పత్రమును అక్కరకు రాదు.

మహబూబాబాద్ మార్కెట్‌లో నొక అడ్తిదారు, తనకు సరకు తెచ్చు రైతుల పేర్లను, ఫోను నంబర్లను ఒక్క గుమాస్తాచేత వ్రాయించుకొనునెడల సీఎస్‌వీ యను సాదా ఫైలే చాలును. అందుకై డేటాబేస్ నిర్మించుట వృథావ్యయము. అయితే ఇద్దరు గుమాస్తాలు ఏకకాలమున ఆ ఫైలును తెరచి, ఒకరు పాత బాకీ తగ్గించి, మరియొకరు క్రొత్త బాకీ చేర్చి సేవ్ చేసినచో, వెనుకటివాని వ్రాత ముందటివాని వ్రాతను తుడిచివేయును. ఒక ఖాతానుండి తీసిన సొమ్మును వేరొక ఖాతాలో చేర్చునంతలో కరెంటు పోయెనా, పద్దు సగములో నిలిచిపోవును. డేటాబేస్‌లో ఆ రెండు మార్పులను ఒకే ట్రాన్సాక్షన్‌గా వ్రాసినచో, రెండును జరుగును, లేదా రెండును రద్దగును. 1970లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు ఎడ్గర్ కాడ్ ప్రకటించిన పట్టికల సిద్ధాంతమే నేటి డేటాబేస్ భాషయైన ఎస్‌క్యూఎల్‌కు పునాది.

సాధనము నెరుగక వాడినచో నెంత యనర్థమో 2020లో ఇంగ్లండు చూచినది. ప్రయోగశాలలు పంపిన సీఎస్‌వీ ఫైళ్లను 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ రూపములోనికి మార్చుటచే, 15,841 కరోనా కేసులు లెక్కలోనికి రాక, ఆ రోగులతో మెలగినవారిని గుర్తించుట యాలస్యమైనది.

ఈ విద్య నేర్చుటకు ఏ డిగ్రీయైనను చాలును. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేస్ సాధనములు ఉచితములు; ఎన్‌పీటీఈఎల్ అను ఆన్‌లైన్ పాఠముల వేదికలో ఐఐటీ ఆచార్యుల డేటాబేస్ పాఠములును ఉచితముగా లభించును. ఊరిలో నొక దుకాణము లెక్కలను మొదట సీఎస్‌వీలో, పిదప ఎస్‌క్యూలైట్‌లో తానే నిలిపి చూచిన బిడ్డ, ఇంటర్వ్యూలో తడబడదని నా గట్టి నమ్మకము.

ఇక "నూటికి నూరుపాళ్లు ప్లేస్‌మెంట్" అని వ్రాసిన బోర్డులను, ఫీజుకై అక్కడనే అప్పు ఇప్పించువారిని, "బ్యాక్‌డోర్ ఉద్యోగ"మని లక్షలు గుంజువారిని దరిచేరనీయకుడు. దొంగ అనుభవపత్రముతో చేరినవాడు కంపెనీ విచారణలో పట్టుబడినచో, పోవునది సొమ్ము మాత్రమే గాదు; మరియొక కంపెనీ గడప త్రొక్కుటయు దుర్లభమగును. బంధువుల కుమారుడు అమెరికాలో నున్నాడని, లెక్కలయందో వ్యవసాయమునందో అభిరుచిగల పిల్లను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి నిత్యము నిలదీయుట నాకు సహింపరాని విషయము.

తలిదండ్రులారా, మూడు మాసములు ఫీజు కట్టకుడు. ఇంటిలో నొక కంప్యూటరు నిచ్చి, బిడ్డకు ఈ పని రుచించునో లేదో ముందుగా తెలిసికొనుడు.